నిప్పు సోకని విందు

నల్లకుంటలో ప్రొద్దు వాలు వేళకు వీధి నిండ మనుష్యులు. విశ్వవిద్యాలయము నుండి ఇండ్లకు మరలువారు కొందరు, కాచిగూడ వైపు పోవువారు కొందరు, చేతిసంచితో కూరగాయల బజారునకు దిగినవారు కొందరు. తోపుడు బండ్లమీది పండ్లు ఋతువును బట్టి మారుచుండును: ఒకప్పుడు ద్రాక్ష, ఒకప్పుడు మామిడి, ఒకప్పుడు సీతాఫలము, ఏడాది పొడవునను అరటి. ఆ బండ్ల ముందర నిలిచి బేరమాడు గృహిణి మనస్సులో తఱచుగా మెదలు ప్రశ్న ఒక్కటే. రాత్రికి ఇంటికి పదిమంది వచ్చుచున్నారు, ఏమి పెట్టవలెను?

ప్రశ్న చిన్నదే. కాని దానిలో ఒక స్త్రీ సాయంకాలమంతయు ఇమిడి యున్నది. బజ్జీలు వేయవలెనన్నచో నూనె కాగువఱకు నిలువవలెను. వాటిని వేడివేడిగా అందింపవలెనన్నచో తుదివఱకు పొయ్యి యొద్దనే నిలువవలెను. ముందుగదిలో నవ్వులు వినబడుచుండును; ఆ నవ్వులకు కారణమేమో వంటింటిలోని ఆమెకు తెలియదు. వెళ్లునపుడు అతిథులు గడపలో నిలిచి, “వదినగారూ, అన్నీ బాగున్నాయి. మీరే మాతో కూర్చోలేదు” అందురు. ఈ మాట వినని ఇల్లాలు తెలుగునాట అరుదు. హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో పొయ్యి ప్రక్క గంటసేపు నిలుచుట విందు కాదు, తపస్సు.

ఈ చిక్కును కొంతవఱకు తీర్పగల పదార్థమొకటి కలదు. దానికి పొయ్యి వెలిగింప నక్కఱ లేదు. నడుమ ఒక గిన్నెలో చల్లని, తియ్యని, చిక్కని పెరుగుముద్ద. దాని చుట్టును పళ్లెములో కోసిన పండ్ల ముక్కలు. ఎవరికి నచ్చిన ముక్కను వారు పుల్లతో గ్రుచ్చి, గిన్నెలో అద్దుకొని తినుట. ఆంగ్లేయ భాషలో దీనిని ‘డిప్’ అందురు. నేటి హైదరాబాదు ఇండ్లలోను ఆ పేరే వాడుక. తెలుగులో నంజుకొనుట యను చక్కని మాట ఉన్నది. అన్నములో ఆవకాయను, దోసెతో పచ్చడిని నంజుకొనుట ఎరిగిన జాతికి పద్ధతి కొత్తది కాదు. పండునకు నంజుకొనునది కావలెననుట మాత్రమే కొత్త.

పేరు పరదేశము, రుచి స్వదేశము

అమెరికాలో ఇట్టి పదార్థములు విందుబల్ల నెక్కి విశేష ప్రచారము పొందినది 1950 తరువాతి దశాబ్దములో. ఉల్లిపాయల సూపు పొడిని పుల్లని మీగడలో కలిపి, వేయించిన ఆలుగడ్డ రేకులతో నంజుకొను ఆచారము 1954 ప్రాంతమున కాలిఫోర్నియాలో పుట్టి దేశమంతట ప్రాకినది. ఉప్పని దానికి తోడుగా తియ్యనిది వచ్చినది. పండ్లకై వారు వాడునది ముఖ్యముగా క్రీమ్ చీజ్ అను మెత్తని జున్నువంటి పదార్థము. దానిని 1872లో న్యూయార్కు రాష్ట్రమందలి చెస్టర్ గ్రామమున విలియం లారెన్స్ అను పాలవ్యాపారి తయారు చేసెను. దానిలో మార్ష్‌మెల్లో క్రీమ్ అను తెల్లని తీపి నురుగును కలిపి గిలకొట్టిన నంజు సిద్ధము. అయిదు నిమిషముల పని. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములకు పిల్లల పుట్టినరోజు విందులలో ఈ గిన్నె పరిచితమే.

శాకాహారులు మాత్రము డబ్బామీది అక్షరములు చదివి వాడవలెను. ఆ తెల్లని నురుగులో కోడిగ్రుడ్డు తెల్లసొన ఉండును. బిళ్లలుగా అమ్ము మార్ష్‌మెల్లోలలో సాధారణముగా జెలటిన్ ఉండును. అది జంతువుల ఎముకలనుండియు చర్మమునుండియు తీసినది. చూచుటకు దూదివలె తెల్లగా నిర్దోషముగా కనబడు వస్తువులో ఇన్ని సంగతులు దాగి యుండును.

నల్లకుంట ఇల్లాలికి ఆ డబ్బాలతో పని లేదు. ఆమె ఇంటిలోని పెరుగు చాలును. పెరుగులోని నీరు తీసి, చక్కెరయు సుగంధ ద్రవ్యములును కలిపి తినుట ఈ దేశమున మిక్కిలి ప్రాచీనము. సంస్కృతమున దానికి శిఖరిణి, రసాల యను పేర్లున్నవి. పదునేడక్షరముల పాదము గల వృత్తమొకటి కూడ శిఖరిణియే. పద్యమునకును పెరుగునకును ఒకే పేరు పెట్టిన రసికత పూర్వులది. అమరకోశము రసాలకు మార్జిత యని మరియొక పేరు చెప్పినది. మార్జిత యనగా తుడిచి శుభ్రపఱచబడినదని అర్థము. మార్జనము, సమ్మార్జని యను మాటలకు మూలమైన ధాతువే దీనికిని మూలము. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత దీనితో పని గలదు.

మహారాష్ట్రులు ఈ పదార్థమును శ్రీఖండమందురు. 1956 వఱకు మరాఠ్వాడా జిల్లాలు హైదరాబాదు రాష్ట్రములో భాగములే గనుక నగరములోని తెలుగువారికి శ్రీఖండము పొరుగింటి వంటకము. తెలుగు ఇండ్లలోను నిప్పు లేకుండ సిద్ధమగు పదార్థములకు కొదువ లేదు. ఉగాదినాటి పచ్చడి అట్టిది: మామిడికాయ ముక్కలు, కొత్త చింతపండు, బెల్లము, వేపపూవు. శ్రీరామనవమినాటి పానకము, వడపప్పు అట్టివే. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర కలిసిన పంచామృతములో అరటిపండు ముక్కలు వేసినచో అది పండ్లతో కూడిన నంజు కాక మరేమి? నల్లకుంటలోని శృంగేరి శంకరమఠమునకు పోయి వచ్చు భక్తులు అరచేత తీర్థము పట్టుటకు అలవాటుపడినవారే. పళని కొండమీది పంచామృతము అరటిపండు, బెల్లము, తేనె, నెయ్యి, ఖర్జూరము, ఏలకులతో నీరు చేర్చక సిద్ధమగును. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యమును ఋతువులవారీగా వర్ణించెను. వేసవిలో ఆ భక్తుడు అతిథులకు పెట్టినవానిలో చెఱకుపాలు, ఎడనీళ్లు, పండ్లు, చల్లని సుగంధజలము, నీరుచల్ల కనబడును. వీనిలో దేనికిని పొయ్యి యక్కఱ లేదు. ఎండ కాలమున అతిథికి చల్లని వస్తువు నందించుట మర్యాద యని ఐదువందల యేండ్ల క్రిందట రాజుకు తెలిసియుండెను.

చేయు విధానము

పది, పన్నెండుమందికి సరిపోవు కొలతలివి. మీగడ కట్టిన చిక్కని గేదెపాల పెరుగు 1 లీటరు. అది పులియనిదై యుండవలెను. ఉదయము తోడుకొన్న పెరుగు సాయంకాలమునకు శ్రేష్ఠము. ఉడికించి ఆరవేసిన పలుచని నూలుగుడ్డలో ఆ పెరుగును పోసి, మూట కట్టి, జల్లెడలో నుంచి, క్రింద గిన్నె పెట్టి, రిఫ్రిజిరేటరులో నాలుగైదు గంటలుంచవలెను. పూర్వమువలె ఉట్టికి వ్రేలాడదీయుట చలికాలమునకు సరిపోవును గాని ఎండకాలమున పెరుగు పులిసిపోవును. నీరు దిగిన పిమ్మట గుడ్డలో సుమారు 400 గ్రాముల గట్టి ముద్ద మిగులును. దిగిన నీటిని పారబోయ నక్కఱ లేదు. సంస్కృతమున దానిని మస్తువందురు. చపాతీల పిండి కలుపుటకును, మజ్జిగపులుసునకును పనికివచ్చును.

పాలు మఱగించుట వంట కాదా యని ఆక్షేపింపవచ్చును. అగును, కాని అది ఇంటిలో దినదినము జరుగు పని. విందుకై ప్రత్యేకముగ వెలిగించు మంట లేదు.

ముద్దను జల్లెడమీద గరిటతో రుద్దినచో నున్నగా దిగును. దానిలో నాలుగు పెద్ద చెంచాల తేనె గాని, 60 గ్రాముల మెత్తని చక్కెర పొడి గాని కలుపవలెను. పావు చెంచా ఏలకుల పొడి, ఒక చెంచా కాచి చల్లార్చిన పాలలో నానిన పది కుంకుమపువ్వు రేకలు, చిటికెడు ఉప్పు. ఉప్పెందుకని సందేహింపరాదు, చిటికెడుప్పు తీపిని పైకి తెచ్చును. నిమ్మపండు పైతోలును పచ్చని పొర మేరకే తురిమి కలిపినచో సువాసన హెచ్చును. క్రింది తెల్లపొర చేదు. అంతటితో పని ముగిసినది. మూత పెట్టి చల్లగా నుంచిన రెండు గంటలకు రుచులు ఒకదానిలో నొకటి ఇముడును.

ఋతువును బట్టి దీనిని మార్చుకొనవచ్చును. వేసవిలో బంగినపల్లి మామిడి గుజ్జు 200 గ్రాములు చేర్చినచో బంగారు వన్నె వచ్చును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండులో పీచు తక్కువ, గుజ్జు గట్టి. అందుచే నంజు పలుచబడదు. రసాలు పీల్చుకొని తినుటకు సాటిలేనివైనను వాటి రసము ముద్దను జారుగా చేయును. శరదృతువులో తెలంగాణపు గుట్టలనుండి సీతాఫలములు బుట్టలతో దిగును. వాటి గుజ్జును చేతితో గింజలు తీసి మాత్రమే కలుపవలెను. గింజలతో మిక్సీలో వేయరాదు. ఆ గింజలోని పప్పు విషపదార్థము. చలికాలమున ఎండు ఖుబానీలను కాచి చల్లార్చిన నీట రాత్రియంతయు నానవేసి మెదిపినచో, హైదరాబాదు పెండ్లివిందుల ఖుబానీ మీఠా జ్ఞప్తికి వచ్చును; పొయ్యి మాత్రము వెలుగదు.

పండ్లు రెండు కిలోలు చాలును. పుల్లకు నిలుచు గట్టిదనము కావలెను: దోరజామ, ఆపిల్, బేరి, గింజలేని ద్రాక్ష, గట్టి సపోటా, అరటి. అరటిని మాత్రము అతిథులు గడపలో అడుగిడిన పిమ్మట కోయవలెను.

గిన్నెలో జరుగు మర్మము

కోసిన ఆపిల్, అరటి నల్లబడుట అందరు చూచినదే. పండు కణములు తెగినపుడు దానిలోని ఒక ఎంజైము గాలిలోని ఆమ్లజని సహాయమున కొన్ని పదార్థములను గోధుమవన్నెకు మార్చును. పులుపు తగిలినచో ఆ ఎంజైము మందగించును; నిమ్మరసములోని సి విటమిను కూడ ఆ మార్పును అడ్డగించును. కనుకనే కోసిన ముక్కలపై నిమ్మరసము చిలుకరించుట.

పండును, నంజును వేఱువేఱుగా నుంచుటకును కారణము గలదు. తీపి పదార్థము తగిలినచో పండులోని నీరు బయటికి వచ్చును. ముక్కలను ముందే పెరుగులో కలిపి యుంచినచో గంటలో గిన్నె యడుగున నీరు చేరును, ముక్క మెత్తబడును. ఎవరి ముక్కను వారు అప్పటికప్పుడు అద్దుకొన్నచో పండు పండుగానే యుండును. పద్ధతి సొగసుకై పుట్టినట్లు తోచినను దానిలో శాస్త్రము కలదు.

అనాసపండు, బొప్పాయి పెరుగుతో పొత్తు కుదురని పండ్లు. అనాసలోని బ్రొమెలెయిన్, బొప్పాయిలోని పపెయిన్ మాంసకృత్తులను విడగొట్టును. పచ్చిబొప్పాయి వేసిన మాంసము త్వరగా మెత్తబడుట దాని ప్రభావమే. పెరుగులో కలిపి నిలువయుంచినచో పాలలోని మాంసకృత్తులు విఱిగి చేదు పుట్టును. అద్దుకొని వెంటనే తినుటకు దోషము లేదు. గుజ్జు కలిపి రేపటికి దాచుట తగదు.

అగ్ని లేని చోట

ఇంతవఱకు చెప్పినది సులభమైన భాగము. ఇక కష్టమైన భాగము.

వంటలో అగ్ని చేయునది రుచికి మించిన పని. అది కావలి కాయును. చేతి మురికి, నీటి దోషము, కత్తిమీది క్రిమి, వేటినైనను మఱుగుచున్న సాంబారు క్షమించును. నిప్పు సోకని విందు దేనిని క్షమింపదు. పొయ్యిని తీసివేసినవారు పొయ్యి చేయు పనిని తమ చేతులమీద వేసికొన్నారని అర్థము.

ఈ సంగతి నల్లకుంటవారికి ఒకరు చెప్ప నక్కఱ లేదు. వారి నడుమనే జ్వరముల ఆసుపత్రి ఉన్నది. దాని పూర్తిపేరులో నిలిచినవాడు సర్ రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొని, 1902లో నోబెల్ బహుమానమందిన వైద్యుడు. ప్రజలకు మాత్రము అది కోరంటి దవాఖానా. క్వారంటైన్ అను మాట జనుల నోట నలిగి కోరంటి యైనది. వానలు పడి కాలువనీరు, త్రాగునీరు కలిసిన దినములలో విరేచనములతోను జ్వరములతోను అక్కడికి వచ్చువారు హెచ్చుదురు. అంటురోగమునకు భయపడి మనిషిని వేఱుచేసిన కాలపు జ్ఞాపకము ఆ పేరులో నిలిచి యున్నది.

పచ్చి పండ్ల విందు ఎట్టి అనర్థమునకు దారితీయగలదో తెలుపు చరిత్ర ఒకటి అమెరికాలో నడచినది. 1906 వేసవిలో న్యూయార్కు సమీపమున ఆయిస్టర్ బే అను ఊర ఒక సంపన్నుని అద్దె యింటిలో 11 మంది యుండగా ఆరుగురికి టైఫాయిడ్ సోకినది. కారణము కనుగొనుటకు జార్జ్ సోపర్ అను పారిశుద్ధ్య ఇంజనీరును నియమించిరి. నీరు, పాలు పరీక్షించిరి, దోషము కనబడలేదు. తుదకు ఆ యింట కొంతకాలము వంటచేసి వెడలిపోయిన మేరీ మాలన్ అను ఐరిష్ స్త్రీపై అతని దృష్టి పడినది. ఆమె పూర్వము పనిచేసిన ఇండ్లలోను టైఫాయిడ్ తలయెత్తినట్లు తేలినది. కాని వండిన వంటలో క్రిములు చచ్చును గదా! వ్యాధి ఎట్లు వ్యాపించినది? సమాధానము ఒక తినుబండారములో దొరికినది. మేరీ ప్రత్యేకముగ చేయునది పచ్చి పీచ్ పండ్లను ముక్కలుగా కోసి కలిపిన ఐస్‌క్రీమ్. ఆ ముక్కలకు నిప్పు సోకలేదు. సోకినది ఆమె చేయి మాత్రమే.

మేరీకి జ్వరలక్షణములేవియు లేవు. దేహములో క్రిమిని మోయుచు తాను ఆరోగ్యముగ నుండువారు కలరని అప్పటికి సామాన్యులెరుగరు. ఆమె తనకు జబ్బు ఉన్నదని నమ్మలేదు. 1907లో ఆమెను పట్టి ఒక ద్వీపమున నిర్బంధించిరి. ఇక వంట చేయనని మాట యిచ్చిన పిమ్మట 1910లో విడిచిరి. 1915లో ఆమె మరల ఒక స్త్రీల ఆసుపత్రిలో పేరు మార్చుకొని వంట చేయుచు పట్టుబడినది. అక్కడ 25 మందికి వ్యాధి సోకి, ఇద్దరు మరణించిరి. ఆ తరువాత ఆమె 1938లో మరణించువఱకు ఆ ద్వీపము విడువలేదు. ఆమెకు ఎవరిపైనను ద్వేషము లేదు. వంట ఆమె బ్రతుకుతెరువు. రుచిగా చేసి పెట్టినది. చేతిశుభ్రత ఒక్కటి లోపించినందున ఆమె పేరు లోకమున వ్యాధికి మారుపేరైనది.

కనుక నిప్పులేని విందునకు కొన్ని నియమములున్నవి. కోయుటకు ముందు చేతులను సబ్బుతో కడుగవలెను. విరేచనములు, జ్వరము గలవారు ఆనాడు పండ్లు ముట్టరాదు. పనిని మరియొకరికి అప్పగింపవలెను. తొక్క తీయు పండైనను ముందు కడుగవలెను, ఏలయన కత్తి తొక్కమీది మురికిని లోపలికి తీసికొనిపోవును. ఖర్బూజావంటి గరుకుతొక్క పండ్ల విషయమున ఇది మరింత నిజము. కడుగుటకు త్రాగునీరే వాడవలెను. కూరగాయలు తరుగు పలకను, మాంసము కోయు కత్తిని పండ్లకు వాడరాదు. బజారున కోసి అమ్ము ముక్కలను కొనితెచ్చి పళ్లెమున పేర్చుట పనికిరాదు. ఆ ముక్కలు ఎవరి చేతిలో, ఏ నీటిలో కడుగబడెనో తెలియదు.

బల్లమీద పెట్టిన గిన్నె రెండు గంటలకు మించి యుండరాదు. గదిలో వేడి 32 డిగ్రీలు దాటినచో ఒక గంటయే హద్దు. వేడిలో కొన్ని జాతుల క్రిములు ఇరువది నిమిషములకొకసారి రెట్టింపగును. పెరుగులోని పులుపు క్రిములను కొంత అణచును. పచ్చిమీగడ కంటె పెరుగు మేలగుటకు అది యొక కారణము. అయినను అణచుట వేఱు, చంపుట వేఱు. పెద్ద గిన్నెను మంచుముక్కలు నిండిన పళ్లెములో నుంచుటయో, సగము లోపల దాచి సగము బయట పెట్టుటయో మంచిది. ఒకసారి కొరికిన ముక్కను మరల గిన్నెలో ముంచరాదు. ఎంగిలి యను మాటను తెలుగు పిల్లలకు వేఱుగ నేర్ప నక్కఱ లేదు. ప్రతివారికి చిన్న గిన్నెలో కొంచెము కొంచెము వడ్డించినచో ఆ శంకయు తొలగును. తేనె కలిపినదానిని ఏడాది నిండని శిశువులకు నాకింపరాదు. తేనెలో అరుదుగా నుండు ఒక జాతి క్రిమిబీజములు పసివారి ప్రేవులలో మొలచి విషము పుట్టించును.

ఇపుడు మార్జిత యను పేరును మరల తలచుకొనవలెను. శుభ్రపఱచబడినదని అర్థము వచ్చు పేరును పూర్వులు నిప్పుపై పెట్టని పెరుగునకు పెట్టిరి. వారికి క్రిములు తెలియవు, మడి తెలియును. మడిలో నేటివారికి రుచింపని భేదభావములు చేరినమాట నిజమే. కాని ఉతికిన బట్ట, కడిగిన చేయి, కాచిన పాలు, ఎంగిలి తగులని పాత్ర యను నాలుగు సూత్రములు ఏ వైద్యుడును కాదనలేనివి. అవి ఎవరి కులముతోను సంబంధము లేనివి. ఎవరి చేతికైనను వర్తించునవి.

తార్నాక చెప్పు మాట

నల్లకుంటనుండి విశ్వవిద్యాలయ ప్రాంగణమును దాటిపోయినచో తార్నాక. ప్రాంగణమున 1939లో పూర్తియైన ఆర్ట్స్ కళాశాల భవనము ఎర్రరాతి శోభతో నిలిచి యుండును. ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టిన 1918లోనే, దూరాన కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిని గూర్చిన పరిశోధన మొదలైనది. రాబర్ట్ మెక్కారిసన్ ప్రారంభించిన ఆ చిన్నగది పెరిగి పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి వచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు ధరించినది. ఒకే యేట పుట్టిన రెండు సంస్థలు నలువదేండ్లకు ఇరుగుపొరుగులైనవి.

ఆ సంస్థ ప్రచురించిన పట్టికలను చూచినవారు నల్లకుంట బండిమీది జామపండును వేఱు కన్నుతో చూతురు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు మించి సి విటమిను కలదు. బత్తాయిలో ఉన్నది సుమారు 50. దూరదేశమునుండి మైనపు పూతతో వచ్చు ఆపిల్ ఈ విషయమున జామ దరిదాపులకు రాలేదు. సి విటమిను వేడికి నశించును. కనుక పండును పచ్చిగా తినుటలో లాభము స్పష్టము. దినమునకు 100 గ్రాముల పండ్లు తినవలెనని సంస్థ సలహా. పదిమందికి రెండు కిలోల పండ్లన్న లెక్కలో విందునాడు ఆ సలహా రెండింతలుగ నెరవేరును. నూనెలో వేగినది ఏమియు లేదు. తీపి కూడ చేతిలోని చెంచా మేరకే.

మొత్తము మీద నల్లకుంటనుండి తార్నాకవఱకు గల దారి ఈ చిన్న వంటకమునకు చక్కని పాఠశాల. మఠము పంచామృతమును చూపును. కోరంటి దవాఖానా చేతులు కడుగుకొమ్మనును. పోషకాహార సంస్థ జామపండును ముందు వరుసలో నుంచుమనును. మూడు మాటలను విన్న ఇల్లాలికి ఆంగ్లేయ వంటపుస్తకముతో పని లేదు.

సులభమను మాటకు అర్థము శ్రమ లేకపోవుట కాదు. శ్రమ ముందే ముగియుట. ఉదయము పెరుగు కట్టినది, మధ్యాహ్నము పండ్లు కడిగినది, అయిదు గంటలకు గిన్నె చల్లబడినది. ఆఱు గంటలకు తలుపు తట్టిన చప్పుడైనపుడు వంటింట దీపము ఆర్పివేయవచ్చును. పళ్లెము నడుమ బల్లమీద ఉండును; పిల్లలు ద్రాక్షకై, పెద్దలు జామకై చేతులు చాతురు. ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని సామెత. ఆ రాత్రి మాత్రము అతిథులకు ఇల్లాలిని చూచుటకు ఇల్లంతయు వెదుక నక్కఱ లేదు. ఆమె వారి నడుమనే కూర్చుండి యుండును. ముందుగదిలోని నవ్వునకు కారణమేమో ఈసారి ఆమెకు తెలియును.